తిరిగి నింపిన తూటాలు

సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే చిన్న ఆయుధాలను విప్పి బాగుచేసే హవల్దార్‌గా పనిచేసి పింఛనుతో బయటికి వచ్చాక, 1994లో నాకు బహ్రెయిన్‌లో ఉద్యోగం దొరికింది. రాజధాని మనామాకు దూరంగా ఎడారి అంచున ఉన్న ఒక ప్రైవేటు షూటింగ్ క్లబ్బులో రేంజ్ ఆఫీసరు పని. కాల్పుల వరుసలో ఉన్నంతసేపు ఎంత పెద్దమనిషైనా నా మాట వినాలి. వరుస దాటితే నేను మనామాలోని నయీమ్ పేటలో గది పంచుకునే మామూలు జీతగాణ్ణే.

ఆ చలికాలం క్లబ్బుల మధ్య రివాల్వర్ పోటీ మా దగ్గర పెట్టారు. తెప్పించిన ఫ్యాక్టరీ తూటాలు కస్టమ్స్‌లో చిక్కుకుపోయాయి. మా మేనేజరు యూసుఫ్ తల పట్టుకుని కూర్చున్నప్పుడు, వాడేసిన తూటాలే తిరిగి నింపుదామని విక్టర్ ముందుకొచ్చాడు. ఆయన క్లబ్బు సభ్యుడు, ఏదో విదేశీ కంపెనీలో సాంకేతిక సలహాదారు. ఆయనకు తెలియని విషయం లేదు. మా జనరేటరు పొగ మానడానికి ఒక చిట్కా చెప్పాడు. ఆ చిట్కాతో అది పొగ మానేసింది, తిరగడమూ మానేసింది. అయినా ఆయన మాట తీరు చూస్తే నమ్మకుండా ఉండడం కష్టం.

కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు మా దగ్గర సంచులకొద్దీ ఉన్నాయి, మందూ గుండ్లూ కూడా కొంత నిల్వ ఉన్నాయి. వాటికి కొత్త ప్రైమరు, అంటే మందుకు నిప్పంటించే చిన్న మూత, బిగించి, కొలిచిన మందు పోసి, కొత్త గుండు నొక్కితే మళ్లీ తూటా అవుతుంది. అందులో తప్పేమీ లేదు, శ్రద్ధగా చేస్తే. విక్టర్ మాత్రం మందు తూచక్కర్లేదు, చెంచాతో కాస్త తక్కువ పోస్తే చాలు, తక్కువైతే ప్రమాదం ఎక్కడిది అన్నాడు. మందు మరీ తక్కువైతే గుండు బయటికి రాకుండా గొట్టంలోనే ఆగిపోవచ్చనీ, దాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టం పగులుతుందనీ నేను చెప్పాను. ఆయన నవ్వి నా భుజం తట్టాడు.

"ఆయన ఎక్స్‌పర్ట్, భాయ్. మనకు వేరే దారి లేదు," అన్నాడు యూసుఫ్.

సరే, ఒక్కొక్కరే కాల్చాలి, ప్రతి షూటరు వెనకా నేనే నిలబడతానన్నాను. దానికి ఒప్పుకున్నాడు. విక్టర్ క్లబ్బు హాల్లో సభ్యులందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, తన వేట కథలు చెబుతూ తూటాలు నింపాడు.

పోటీ శుక్రవారం మధ్యాహ్నం. కరీం సాబ్ అనే బ్యాంకు అధికారి అందరికన్నా ముందున్నాడు. చివరి విడత వేగంగా కాల్చాల్సినది. ఆరు తూటాలు, ఆగకుండా. నేను ఆయన కుడి భుజం వెనక ఉన్నాను. నాలుగు గట్టిగా పేలాయి. ఐదోది "టప్" అంది, ఎవరో తలుపు మీద వేలితో కొట్టినట్టు. చేతికి తన్నాల్సిన తన్ను కూడా లేదు.

"స్టాప్!" అని అరిచాను. చెవులకు చప్పుడు ఆపే మఫ్లు ఉన్నాయి, ఊపు మీద ఉన్నాడు, వినిపించలేదు. వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది.

రివాల్వర్‌లో ట్రిగ్గర్ నొక్కితే ముందు తూటాలున్న చక్రం ఒక గడి తిరగాలి. అది తిరగకపోతే తూటా పేలదు. వెనకనుంచి చెయ్యి చాపి, గొట్టం నేల వైపే ఉండేలా వంచి, ఆ చక్రాన్ని పిడికిలితో బిగించి పట్టుకున్నాను. కరీం సాబ్ రెండుసార్లు నొక్కాడు. నా అరచేతిలో చక్రం కదలబోయి ఆగడం ఇప్పటికీ గుర్తే.

"మజ్నూన్! పిచ్చెక్కిందా నీకు?" అని ఆయన అరిచాడు. యూసుఫ్ పరుగెత్తుకొచ్చాడు. పోటీలో షూటరు ఆయుధం మీద ఊరికే చెయ్యి వేస్తే ఉద్యోగం పోతుంది, దానితోపాటు వీసా. విక్టర్ తాపీగా వచ్చి, ప్రైమరు చెమ్మగిల్లి ఉంటుంది, గుండు ఇరుక్కున్నా ఇంకోటి కాలిస్తే దాన్ని బయటికి నెట్టేస్తుంది అన్నాడు.

నేను తూటాలు తీసేసి, శుభ్రం చేసే కడ్డీని గొట్టం మూతినుంచి లోపలికి పంపాను. సగం పోయి టక్కున ఆగింది.

కాల్పులు ఆగాయని చెప్పే ఎర్ర జెండా చూసి లక్ష్యాల దగ్గరికి వెళ్లిన మా సహాయకుడు మల్లేశు, జగిత్యాల వైపు మనిషి, అక్కడినుంచే కేకేశాడు: "అన్నా, నాలుగే పడ్డయి! ఐదోది కాయితం మీద లేదు!"

కరీం సాబ్ కడ్డీ అందుకుని తనే నెట్టి చూశాడు. ముఖం తెల్లబోయింది. తర్వాత దాన్ని విక్టర్ చేతిలో పెట్టాడు. విక్టర్ ఒకసారి నెట్టాడు, ఇంకోసారి నెట్టాడు.

"ఖలాస్," అన్నాడు యూసుఫ్. పోటీ వాయిదా పడింది.

మిగిలిన తూటాలన్నీ విప్పేశాం. కొన్నింట్లో మందు సగమే ఉంది, కొన్నింట్లో అసలు లేదు. కథ రసపట్టులో ఉన్నప్పుడు చెంచా కొన్నిటిని దాటేసింది. విక్టర్ తనంతట తానే నా పక్కన కూర్చుని సాయంత్రం దాకా విప్పడంలో సాయం చేశాడు. ఆ శబ్దం సరిగ్గా ఎలా ఉంటుందని అడిగాడు. బల్ల మీద వేలితో కొట్టి చూపించాను. మళ్లీ కొట్టమన్నాడు.

ఫ్యాక్టరీ తూటాలు వచ్చాక పోటీ జరిగింది. కరీం సాబ్ గెలవలేదు గానీ, వరుసలోకి వెళ్లే ముందు నన్ను వెతికి, "నా వెనక నువ్వే ఉండు," అన్నాడు.

తర్వాత నా కింద చేరినవాళ్లకు రెండు విషయాలు నేర్పాను. తూటా నింపేవాడితో ఎవరూ మాట్లాడకూడదు. అనుమానం వస్తే ముందు ఆపాలి, కారణం తర్వాత వెతకాలి. ఆపడం పొరపాటని తేలితే తిట్లు పడతాయి, మహా అయితే ఉద్యోగం పోతుంది, అంతే.