బాపుకు నేనిచ్చిన నోటీసు

ఆ రోజులు తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది నా గొంతు. ఇరవై రెండేళ్ల మనిషికి ఎంత గొంతు అవసరమో దానికి రెండింతలు ఉండేది నాకు. మునిసిపాలిటీ ఇంజనీరింగు విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి అప్పటికి పదకొండు రోజులు. (ఔట్‌సోర్సింగ్ ఉద్యోగమే, కానీ ఆ సంగతి అందరికంటే ముందు నేనే మరిచిపోయాను.) మెరిసే పట్టీలున్న నారింజ రంగు కోటు ఒకటి ఇచ్చారు. వరంగల్ మే నెల ఎండలో అది వేసుకుంటే ఒంట్లోని నీళ్లన్నీ ఆవిరైపోయేవి. అయినా ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా విప్పేదాన్ని కాదు. "ఇంట్ల ఎవలు చూస్తరే, ఇడువు" అని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

నా పని, వానలు మొదలయ్యేలోపు గల్లీల్లోని మోరీల్లో, అంటే మురికికాలువల్లో, పూడిక తీయించడం. నా అదృష్టమో మా వాళ్ల దురదృష్టమో, మా గల్లీ కూడా నా వాటాకే వచ్చింది. కిందటేడు మొదటి పెద్ద వానకు మా గల్లీ కింది వరుస ఇళ్లలోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. ఒక ముసలమ్మను మంచంతో సహా ఎత్తి చర్చి వరండాలోకి చేర్చారు. (ఆమె మంచం మీద కూర్చునే మోసేవాళ్లకు గుంతలెక్కడున్నాయో చెబుతూ వచ్చిందట.) అందుకే మా ఏఈ సారు నన్ను ప్రత్యేకంగా పిలిచి చెప్పారు. "పైనుంచి వచ్చే నీళ్లు మీ గల్లీల ఎక్కడనో ఆగుతానయమ్మా. ఎక్కడనో పట్టుకో. మూడు నాలుగు రోజుల్ల వాన ఉన్నదంటాండ్రు."

పట్టుకోవడానికి నాకు అర నిమిషం పట్టలేదు. గల్లీ మధ్యలో కిరాణం సేటు దుకాణం ముందు, మోరీ మీద పెద్ద రాతి గద్దె ఉండేది. బియ్యం బస్తాలు, చీపుర్లు అన్నీ దాని మీదే. దొంగ దొరికాడనుకున్నాను. నా దగ్గర సాక్ష్యమేమీ లేదు, చిన్నప్పుడు ఆయన నాకు ఎన్నడూ ఒక్క చాక్లెట్ బిళ్ల కొసరు వేయలేదన్నది సాక్ష్యం కిందికి వస్తే తప్ప. మా పూడిక తీసేవాళ్లందరికీ పెద్ద, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ, ఇరవై ఏళ్లుగా ఈ మోరీల్లోనే పనిచేసిన మనిషి, నా పక్కన నిలబడి నెమ్మదిగా అంది. "మొదలు బొంగు ఏసి చూద్దాం బిడ్డా. ఎక్కడ ఆగుతదో తెలుస్తది."

"టైం లేదక్కా" అన్నాను, చేతికి గడియారం కూడా లేకుండానే.

సేటు బయటికొచ్చి చూశాడు. "బిడ్డా, నా గద్దె కింద ఏం లేదు. జర ఆగి చూడు" అన్నాడు. నేను ఆగలేదు. ప్రజల ఆస్తి, వర్షాకాలం, బాధ్యత అంటూ గల్లీ అంతా వినేలా చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. గడ్డపారలతో గద్దె సగం పగలగొట్టించాను. వంగి చూస్తే కింద మోరీ కడిగిన పళ్లెంలా ఉంది. "ఏటేటా ఎండాకాలం నేనే తీపిస్త బిడ్డా, ఎలుకలొస్తయని" అన్నాడు సేటు. కోప్పడలేదు. లోపలికి వెళ్లి, చెమటలు కారుతున్న నాకు చల్లటి మంచినీళ్లు స్వయంగా తెచ్చి ఇచ్చాడు. ఆ గ్లాసెడు నీళ్లు మింగడం కన్నా కష్టమైన పని ఆ ఉద్యోగంలో నేను మళ్లీ చేయలేదు.

అప్పుడు పెద్దక్క ఎవరినీ అడగకుండా తన పని మొదలుపెట్టింది. రెండు పొడుగాటి వెదురు బొంగులు కలిపి కట్టి, గల్లీ కింది కొస నుంచి మోరీలోకి తోసింది. కొంత దూరం పోయి బొంగు ఆగింది. ఇంకా తోస్తే దేనికో గట్టిగా తగిలిన చప్పుడు. లోపలికి ఎంత పోయిందో అక్కడ గుర్తుగా చేత్తో పట్టుకుని, బొంగును బయటికి లాగి, రోడ్డు మీద మోరీ పక్కనే పరిచింది. బొంగు కొస ఎక్కడికొచ్చిందా అని అందరం నడుచుకుంటూ వెళ్లాం. మా ఇంటి గేటు ముందుకొచ్చింది.

మా ఇంటి ముందు ఏముందో చెప్పాలి. మా నాన్న, అదే మా బాపు, డోర్నకల్‌లో రైల్వే మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక తన చేతులతో కట్టిన ఒకే ఒక్క కట్టడం, స్కూటరు ఇంట్లోకి ఎక్కడానికి మోరీ మీద పోసిన ర్యాంపు. దాంట్లో వేసిన ఇనుప సలాకలతో చిన్న వంతెన కట్టొచ్చు. వచ్చిన ప్రతి చుట్టాన్నీ దాని మీద నిలబెట్టి, "ఎగిరి చూడు" అనేవాడు. చుట్టాలు మర్యాదకు ఒకసారి ఎగిరేవాళ్లు.

ఆ తర్వాత నేను చేసింది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. "బొంగు జర వంగినట్టుందక్కా, మళ్ల కొలుద్దాం" అన్నాను. పెద్దక్క మళ్లీ కొలిచింది. మా గేటే. ఎందుకైనా మంచిదని మూడోసారి కూడా కొలవమన్నాను. ఈలోపు సేటు దుకాణంలోంచి కుర్చీ తెచ్చుకుని, మా ఇంటి ఎదురుగా నీడ చూసుకుని కూర్చున్నాడు. మూడోసారీ మా గేటే. పెద్దక్క నా మొహం చూసి మెల్లగా అంది. "బిడ్డా, కొలిస్తె పక్కకు జరుగదు గేటు."

ఏఈ సారుకు ఫోన్ చేశాను. "ఓనర్ ఎవరు?" అన్నారు. "మా బాపు సార్" అన్నాను.  ఆయన "నోటీస్ నువ్వు రాసి పంపు, నేను సంతకం పెట్టి పంపిస్త. ఇచ్చుడు మాత్రం నువ్వే ఇయ్యాలె" అని ఫోన్ పెట్టేశారు.

మర్నాడు పొద్దున, కోటు వేసుకుని, సొంతింటి బయట నిలబడి గేటు కొట్టాను. (లోపలి నుంచే బయటికెళ్లి, గేటు వేసి, అప్పుడు కొట్టాను. ఆఫీసు పని ఆఫీసు పనిలాగే ఉండాలని.) బాపు కళ్లద్దాలు పెట్టుకుని నోటీసు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. "అతిక్రమణలో 'మ' ఎగబెట్టినవ్" అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి మ చేర్చి, ముట్టినట్టు సంతకం పెట్టి ఇచ్చాడు. "నా ర్యాంపు కింది నుంచి రైలు పోయే జాగ ఉంటది. నీళ్లు ఎట్ల ఆగుతయే?"

"ఆగుతానయి బాపూ. మూడుసార్లు కొలిచినం."

"మూడుసార్లెందుకు? సేటుది ఒక్కసారన్న కొలిచినవా?"

 అప్పటికే వీధిలోకి జేసీబీ వచ్చింది. ఆకాశం కూడా ఆ పొద్దున్నుంచే నల్లగా మూసుకొస్తోంది. జేసీబీ పళ్లు ర్యాంపు మీద పడ్డాయి, లేచాయి. ర్యాంపుకు గీత పడింది, అంతే. డ్రైవరు మళ్లీ కొట్టాడు. కిందికి దిగి ర్యాంపును చేత్తో తడిమి, "ఎవలు పోసిండ్రు సార్ దీన్ని?" అని భక్తిగా అడిగాడు. బాపు మొహం వెలిగిపోయింది. ఇంకో నాలుగు దెబ్బల తర్వాత ఉండలేక గేటు దాటి వచ్చాడు. "అట్ల కాదు. ఎడమ దిక్కు సలాకలు పలచగున్నయి. ఆ మూల కొట్టు, లేస్తది" అన్నాడు. చెడ్డగా జరుగుతున్న పనిని చూస్తూ ఊరుకోవడం ఆయనకు చేతకాదు, పగిలేది తన ర్యాంపే అయినా సరే. ఆయన చూపిన చోట కొట్టగానే ర్యాంపు మూత లేచినట్టు లేచింది.

అందరం వంగి కిందికి చూశాం. ర్యాంపు పోసిన రోజు, కాంక్రీటు గట్టిపడేదాకా ఆనుగా కింద పెట్టిన సెంట్రింగ్ చెక్కలు బాపు తీయడం మరిచిపోయాడు. ఆ చెక్కలకు సంచులు, బురద, గల్లీ పిల్లల క్రికెట్ బంతులు అన్నీ పట్టుకుని గోడలా గట్టిపడ్డాయి. పెద్దక్క లోపలికి దిగి తవ్వుతూ ఒక స్టీలు చెంబు పైకిచ్చింది. దాని మీద మా అమ్మ పేరు చెక్కి ఉంది. ఆ చెంబును పక్కింటి ఆంటీయే తీసిందనుకుని మా అమ్మ ఆమెతో నాలుగేళ్లుగా మాటలు మానేసింది. అమ్మ ఆ చెంబును కడిగి, కొంగు కింద దాచుకుని, ఎవరితోనూ ఒక్క మాట చెప్పకుండా పక్కింట్లోకి వెళ్లింది. మధ్యాహ్నం దాకా తిరిగి రాలేదు.

"రైల్వేల ముప్పై ఏండ్లు చేసిన" అన్నాడు బాపు, ఆ చెక్కలను చూస్తూ. "ఒక్క చెక్క మరువలే."  పెద్దక్క పైకి రావడానికి తన చెయ్యే అందించాడు.

సాయంత్రం నాలుగింటికి వాన దిగింది. కోటు తడిసి ముద్దయినా నేను కింది వరుస ఇళ్ల ముందే నిలబడ్డాను. ముసలమ్మ గడప మీద కూర్చుని మోరీలోకి చూస్తోంది. నీళ్లు ఎర్రగా, వేగంగా, మోరీ అంచులకు జానెడు కిందుగా పరిగెత్తిపోయాయి. ఆమె చాలాసేపు చూసి, "ఈసారి మంచం మొయ్యనియ్యలె నువ్వు" అంది. పొగిడిందో, సరదా పోగొట్టావని నిష్ఠూరమాడిందో నాకు అర్థం కాలేదు.

వాన తగ్గాక సేటు దగ్గరికి వెళ్లి, "తప్పయింది పెదనాన్నా" అన్నాను. "తప్పేముంది గని, మీ బాపును పంపియ్యి. గద్దె ఆయనే పొయ్యాలె" అన్నాడు. బాపు పోశాడు. ఈసారి లేపి పెట్టుకునే పలకలుగా పోశాడు. సెంట్రింగ్ చెక్కలు లెక్కపెట్టి మరీ బయటికి తీశాడు, సేటును సాక్షిగా నిలబెట్టి.

ఇప్పుడు నేను ఫైళ్ల మధ్య కూర్చునే ఉద్యోగంలో ఉన్నాను. ఏ గోడను ముట్టుకోవాలన్నా నాలుగు కాగితాలు చూస్తాను, ఇద్దరిని అడుగుతాను, జర ఆగుదాం అంటాను. ఇరవై రెండేళ్ల ఆ నారింజ కోటు పిల్ల, అప్పటి నేను, ఎప్పుడైనా గల్లీలో ఎదురుపడితే, అంత తొందర వద్దమ్మా, ముందు పెద్దక్క మాట విను అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పినా వినదు. "మేడం, జర పక్కకు జరుగుండ్రి, బండి రావాలె" అంటుంది. నేను నవ్వుకుంటూ జరుగుతాను.