పాటిగడ్డ అంచున కూసిన మిషన్

"అమ్మ కడియాలు నువ్వే తీస్కపోయినవక్కా. గా ముచ్చట ఊరందరికీ ఎర్కే."

"ఊరికేం ఎర్క? మన్నేసింది నేను. కడియాలు కాళ్లకు అట్లనే ఉన్నయి."

"నేనేం పిచ్చోన్నా? గోరి కాళ్లదిక్కు మిషన్ కూస్తాంది. కింద నిధి ఉన్నది. పొద్దుమీకంగ తవ్వుత."

"అవి అమ్మ కడియాలే రా బీరిగా! గడ్డపార ఆన్చితివా, నీ గడప తొక్క."

"తొక్కకు," అని నా తమ్ముడు బీరయ్య ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

అప్పుడే తెల్లవారుతోంది. మాది కేతేపల్లి. పుట్టిల్లు కోస్గి దగ్గరి పల్లె. తమ్ముడు అక్కడే గొర్లు కాస్తాడు. ఊరి బయట పాటిగడ్డ ఉంది. ఏ కాలంలోనో జనం బతికి వెళ్లిపోయిన దిబ్బ అది. వాన పడితే పెంకులు, పూసలు తేలుతాయి. నిధుల కోసం దొంగచాటుగా ఎందరో వెతికి పోయారు, మిగిలినవి గుంతలే. అయినా తమ్ముడు మక్తల్ నుంచి లోహాన్ని పసిగట్టే మిషన్ కిరాయికి తెచ్చాడు. పాతకాలం సొమ్ము దొరికితే అది సర్కారుదని చెప్పాను, వినలేదు. దిబ్బంతా తిప్పినా కూయని మిషన్, దిబ్బ అంచున మా చెలకలో అమ్మ గోరి దగ్గర కూసింది.

అమ్మ పోయినప్పుడు కాళ్లు బాగా వాచి ఉన్నాయి. వెండి కడియాలు రాలేదు. ఆకురాయి పెట్టి కోద్దామన్నారు, నేను పడనియ్యలేదు. అట్లాగే మట్టి చేశాం. బీరయ్య అప్పుడు మంద తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయి ఉన్నాడు, కబురు అందలేదు. తిరిగొచ్చి కడియాలు ఏవని అడిగాడు. చెప్పాను. నమ్మలేదు. అప్పటి నుంచి మాకు ఇదే కొట్లాట.

రెండు జొన్నరొట్టెలు, ఎల్లిపాయకారం గుడ్డలో కట్టుకొని, పొద్దు గూకకముందే వాణ్ని ఆపాలని ఆరు గంటల బస్సెక్కాను. నకిరేకల్‌లో దిగి నల్లగొండ బస్సు పట్టాను. ఆధార్ కార్డు చూపిస్తే మా ఆడవాళ్లకు జీరో టికెట్, పైసా ఇవ్వక్కర్లేదు. ఇంతకు ముందయితే పుట్టింటికి పోవాలంటే కొంగుముడి విప్పి చూసుకొని ఆగిపోయేదాన్ని. ఈ ఏర్పాటు చేసినవాళ్లు చల్లగా ఉండాలి. కార్డు జిరాక్సు కాదు, అసలుదే తీసుకెళ్లండి. నీళ్లు కూడా ఇంటి నుంచే తెచ్చుకోండి.

నల్లగొండలో ఎనిమిదిన్నరకు దేవరకొండ మీదుగా కల్వకుర్తి పోయే బస్సు దొరికింది. పక్కన పల్లికాయ మూటతో ఒకామె కూర్చుంది.

"ఏడికవ్వా, ఒక్కదానివే?"

"పుట్టింటికి బిడ్డా. తమ్ముని చేతులకెల్లి గడ్డపార గుంజుకొననీకి."

ఆమె నవ్వింది. సంగతంతా చెబితే నవ్వు ఆపి, "మా ఇంటాయన గసొంటి మిషనోళ్ల దగ్గర కూలికి పోయిండవ్వా. అంతకుముందే ఎవలో తవ్వి పోయిన జాగ. ఈళ్లకేం దొరికినయంటవ్? సీసా మూతలు, ఎద్దు నాడాలు. పోలీసులు వస్తున్నరంటే చెప్పులిడిసి ఉరికొచ్చిండు," అంది. పోతూపోతూ ఇంకో మాట చెప్పింది: "ఇనుముకు బొంగురుగ కూస్తదంట, ఎండికి సన్నగ."

నేను నా కాళ్ల కడియాల వైపు చూసుకున్నాను. నాకు దారి దొరికింది. ఆమెకు ఒక రొట్టె ఇచ్చాను, ఆమె నా ఒళ్లో దోసెడు పల్లికాయ పోసింది. పేరు అడగడం మరిచాను.

కల్వకుర్తిలో బస్సు మారి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి రెండు దాటింది. కోస్గి బస్సులో కాలు పెట్టే జాగా లేదు. "అవ్వకు జాగియ్యుండ్రి, పడితే నా మీదికొస్తది," అని కండక్టర్ అరిస్తే కాలేజీ పిల్ల ఒకతి లేచింది. కోస్గిలో దిగేసరికి ఐదు కావస్తోంది. ఆటోవాడు అడిగినంత ఇచ్చాను. బేరం ఆడకుండా ఆటో ఎక్కడం నా జన్మలో అదే మొదటిసారి.

చెలకలో తమ్ముడు గడ్డపార పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఇంకా దించలేదు.

"గడప తొక్కనంటివి?"

"ఇది నీ గడప గాదు. అమ్మ జాగ."

కింద కూర్చొని నా కడియం ఒకటి తీసి మట్టి మీద పెట్టాను. "పెట్టు మిషన్." సన్నగా కూసింది. "ఇప్పుడు గోరి కాళ్లదిక్కు పెట్టు." అదే సన్నని కూత. "పక్కకు జరుపు." ఆగిపోయింది. ఇంకొంచెం జరిపితే మళ్లీ అదే కూత. వాడు అటూ ఇటూ తిప్పి తిప్పి చూశాడు.

"రెండు జాగలల్ల కూస్తాందక్కా."

"మనిషికి కాళ్లెన్ని రా?"

వాడు గడ్డపార పక్కన పడేశాడు. చెప్పులు విడిచి దూరంగా పెట్టి వచ్చి గోరి కాళ్లదిక్కు కూర్చున్నాడు. "గంతగనం వాచినయా కాళ్లు?" అన్నాడు. ఇన్నేండ్లలో కడియాల గురించి అడిగాడు గానీ, అమ్మ కాళ్ల గురించి అడగడం అదే మొదలు. పొద్దు గూకేదాకా అమ్మ చివరి రోజులన్నీ చెప్పాను. అడ్డం మాట్లాడకుండా విన్నాడు. ఆ మిషన్‌ను దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చిన నేను, దానికి దండం పెట్టాను.

తెల్లారి చూస్తే గోరి చుట్టూ మంద పెట్టి ఉంది. రాత్రంతా గొర్లు తొక్కి పెంటికలు పోయడంతో మిషన్ తిప్పిన గురుతు ఎక్కడా కనపడలేదు. "ఇగ ఎవడన్న మిషన్ పట్టుకొనొస్తే నా మందను దాటి రావాలె," అన్నాడు. మక్తల్‌లో తిరిగి ఇచ్చెయ్యడానికి మిషన్‌ను బండికి కట్టి, నన్ను వెనక కూర్చోబెట్టుకొని కోస్గి బస్టాండుకు తెచ్చాడు.

ఇన్నేండ్లలో వాడు నన్ను బస్సు ఎక్కించింది లేదు. మహబూబ్‌నగర్ బస్సు ఆగీ ఆగకముందే ఉరికి, తల రుమాలు విప్పి, కిటికీలోంచి సీటు మీద వేశాడు. మెల్లగా ఎక్కి కూర్చున్నాను. రుమాలు తిరిగి ఇద్దామని చెయ్యి బయటపెట్టేలోపే బస్సు కదిలింది. గొర్ల వాసన వేస్తున్న ఆ రుమాలును మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.