బండి కాగింది నా చేతిలో కాదు

మా మరిది నన్ను నలుగురిలో ఒక మాట అన్నాడు. "వదిన చేతికి చిక్కితే ఇనుమైనా కరిగిపోతది." ఇందిరా నగర్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో కాఫీ తాగుతూ అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నేను నవ్వలేదు. నా గ్లాసు కడిగి బోర్లించి, ఆ మాటను ఇంటికి తెచ్చుకున్నాను.

సంగతి మా పాత కారుది. కొన్నది మా ఆయనే, కానీ ఆయన ఏనాడూ ధైర్యంగా నడపలేదు. నేనే నేర్చుకున్నాను. చదివింది మూడో క్లాసు వరకే అయినా లైసెన్సు పరీక్షలో రోడ్డు గుర్తులు ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఇంట్లో చేసిన మురుకులు, చెక్కలు డబ్బాల్లో పెట్టుకుని సేదరపేట్ ఫ్యాక్టరీల క్యాంటీన్లకు వేసి వస్తుంటాను. ఆటోలో వేసుకుపోతే కుదుపులకు సగం పొడి అయిపోతాయి. కారు లేకపోతే ఆ పని లేదు. ఆ పని లేకపోతే ఉప్పుకూ సబ్బుకూ ఒకరి ముఖం చూడాలి. ఈ వయసులో అది నావల్ల కాదు.

ఆడి నెల, అదే అరవవాళ్ళ ఆషాఢం, దాటాక కారు కాగడం మొదలుపెట్టింది. ఊరు దాటి సేదరపేట్ రోడ్డెక్కి కాస్త వేగం అందుకుంటే చాలు, వేడి చూపించే ముల్లు పైకి పాకేది. ఒకసారి బానెట్ సందుల్లోంచి ఆవిరే వచ్చింది. మెకానిక్‌కు చూపిస్తే ఏమీ తేల్చలేకపోయాడు.

మరిదికి అది పండగ అయింది. అతనికి బజారులో పప్పుల కొట్టు. కొట్టు వెనక సందులో మా కారు నిలిపే షెడ్డు ఉంది. మా మామగారు మా ఆయన వాటా కింద ఇచ్చింది. కారు పోతే షెడ్డు ఖాళీ, ఖాళీ అయితే అతనికి గోడౌను. ఆ ఆశ అతనికి ఏళ్ళనాటిది. అందుకే అక్క ఇంట్లో పంచాయితీ పెట్టాడు. మా ఇంట్లో పెద్దది ఆడబిడ్డే, ఆమె మాటకు తిరుగులేదు.

"ఇంజన్ పోయింది అక్కా. వదినే కాల్చేసింది. పాత ఇనుముకు వేసేస్తే పీడ పోతది," అన్నాడు.

"సరి, శుక్రవారం వేసెయ్యండి," అంది ఆమె. నన్ను ఒక్క మాట అడగలేదు.

ఇంజన్ నిజంగా పోయిందా అని నేనే చూసుకున్నాను. రాత్రి కారు కింద పాత పేపర్లు పరిచాను. పొద్దున చూస్తే ఒక్క చుక్క తడి లేదు. అంటే నీళ్ళు కారడం లేదు. ఆయిల్ పుల్ల తీసి చూశాను. లోపల నీళ్ళు కలిస్తే ఆయిల్ పాలకాఫీలా అవుతుంది. ఇది నల్లగా, జిగురుగా, ఉండాల్సినట్టే ఉంది. ఇంజన్ స్టార్ట్ చేసి షెడ్డులోనే నిలబెట్టాను. ముల్లు సగానికి వచ్చింది, ఫ్యాన్ తిరిగింది, ముల్లు దిగింది. ఎంతసేపు ఉంచినా అంతే. పెట్రోలు దండగని ఆపేశాను.

నిలబడితే కాగదు, బజారులో మెల్లగా పోతే కాగదు, వేగంగా పోతేనే కాగుతుంది. వేగంగా పోయే బండికి ఎదురుగాలి తగిలి ఇంకా చల్లబడాలి కదా. ఈ బండికి గాలి పెరిగేకొద్దీ వేడి పెరుగుతోంది. అంటే ఆ గాలి రేడియేటర్ దాకా పోవడం లేదు. మధ్యలో ఏదో అడ్డం ఉంది.

మోకాళ్ళ మీద కూర్చుని ముందు జాలీలోంచి ఫోను లైటు వేశాను. అడుగున, జాలీకి రేడియేటర్‌కు మధ్య, పసుపు గుడ్డ ఒకటి కుప్పగా పడి ఉంది. దాని ఒక అంచు కింది కమ్మీకి ముడులు వేసి ఉంది. ఇంటినుంచి టేబుల్ ఫ్యాను తెచ్చి జాలీ ముందు పెట్టి తిప్పాను. గుడ్డ లేచి, విచ్చుకుని, రేడియేటర్ మొహానికి అతుక్కుంది. ఫ్యాను ఆపితే మళ్ళీ కుప్పగా కూలింది.

ఆ గుడ్డ ఎక్కడిదో చూడగానే తెలిసింది. ఆడి నెలలో వీరాంపట్టినం తేరు తిరునాళ్ళకు పోయి, అమ్మవారి గుళ్ళో పసుపు గుడ్డలు తెచ్చి, ఇంట్లో ఉన్న బండ్లన్నిటికీ కట్టేది మా మరిదే. నా కారు అద్దానికి ఏదీ కట్టవద్దని నేను ముందే చెప్పాను, రోడ్డు కనపడదని. షెడ్డు రెండో తాళం చెవి అతని దగ్గర ఉంది. నేను లేనప్పుడు వచ్చి కట్టిపోయాడన్నమాట.

మొదట చూసిన మెకానిక్ దగ్గరికి పోయి అడిగాను, గుడ్డ నీకు కనపడలేదా అని. అవ్వ వరస పెట్టి నన్ను పాట్టీ అంటాడు.

"చూసినా పాట్టీ. అమ్మ గుడ్డ కదా, యాడ ముట్టుకునేది? ఆ పొద్దు కోడికూర తినుంటి."

"ఉందని ఒక మాట చెప్పచ్చు కదరా."

"సామి సంగతి. మీరే కట్టుకున్నారనుకుంటి."

గుడ్డ విప్పేసి ఇంటికి వస్తే నా కారు బాగుపడేది, అంతే. ఇనుము కరుగుతుందన్న మాటకు జవాబు ఉండేది కాదు. అందుకని గుడ్డను అక్కడే ఉంచాను.

గురువారం పొద్దున ఆడబిడ్డ ఇంటికి పోయాను. "అక్కా, రేపు బండి పోతది. క్యాంటీన్లలో నా డబ్బాలు ఉండాయి, తెచ్చుకోవాల. నా చెయ్యి మంచిది కాదంట కదా, మరిదినే నడపమను. నువ్వూ రా, గాలి తగులుతది."

ఇద్దరూ వచ్చారు. ఆమె వెనక కూర్చుంది. నేను మరిది పక్కన కూర్చున్నాను, కళ్ళు ముల్లు మీద పెట్టి.

ఊళ్ళో ఉన్నంతసేపు ముల్లు కదలలేదు. "చూస్తివా అక్కా, నా చేతిలో ఎంత బుద్ధిగా పోతాండాదో," అన్నాడు.

"అవును మరిదీ. కొంచెం తొక్కు, ఎండెక్కుతాంది," అన్నాను.

తొక్కాడు. ముల్లు లేచింది. అతను మాటల్లో ఉన్నాడు, చూడలేదు. ఎర్రగీత దగ్గరకు రాగానే ఆపమన్నాను. అతని పరువు తీయడానికి నా ఇంజన్ కాల్చుకునేంత తెలివితక్కువదాన్ని కాదు. పక్కకు తీసి ఆపాడు. బానెట్ లోంచి ఆవిరి బుస్సుమంది. షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ వాళ్ళు నిలబడి చూశారు.

"ఏందిరా, నువ్వు నడిపినా కాగుతాందే," అంది ఆడబిడ్డ.

"వదిన ముందే పాడుచేసి పెట్టింది అక్కా. నేనేం చేసేది?"

నాకు కావలసింది ఆ మాటే. బానెట్ చల్లబడేదాకా ఊరుకుని, "జాలీ కింద చెయ్యి పెట్టు మరిదీ, కమ్మీకి ఏముందో చూడు," అన్నాను.

అతని ముఖం మారింది. తెల్లపంచెతో ఆ రోడ్డు మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ముడులు విప్పాడు. చాలాసేపు పట్టింది, గట్టిగా కట్టాడు మరి. దుమ్ము పట్టి నల్లబడిన గుడ్డ బయటికి వచ్చింది. అది గాలిని ఎట్లా మూసేసిందో అక్కకు చెప్పాను. ఆమె గుడ్డను కళ్ళకద్దుకుంది.

"ఎవురు కట్టింది ఇది?"

"వదిన బండి తీస్తే భయమేసి కడితిని అక్కా. మంచికే."

"అమ్మ గుడ్డను చక్రాల దుమ్ములో కట్టేది మంచికా? గుడిలో చెప్పుకో పో, ఈ మాట."

అతను తెలిసి కట్టాడా తెలియక కట్టాడా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. నాకు అది అక్కర్లేదు. నన్ను అన్నది మాత్రం తెలిసే అన్నాడు.

తగ్గిన నీళ్ళు పోసి, వచ్చేటప్పుడు నేను నడిపాను. కావాలనే వేగంగా నడిపాను. అక్కను ముందు కూర్చోబెట్టి ముల్లు చూడమన్నాను. సగం దాటలేదు. మరిది వెనక, గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇంట్లో చెప్పొద్దు వదినా," అన్నాడు ఒకసారి. నేను గేరు మార్చాను.

సందులోకి తిరిగేసరికి షెడ్డు తలుపు ముందు కందిపప్పు మూటలు పేర్చి ఉన్నాయి. శుక్రవారం దాకా కూడా ఆగలేకపోయాడు. కూలివాళ్ళను పిలుస్తానని ఫోను తీశాడు.

"నువ్వే తియ్యిరా," అంది ఆడబిడ్డ. "రెండో తాళం చెవి కూడా వదినకు ఇచ్చెయ్."

ఒక్కొక్క మూట భుజానికెత్తుకుని కొట్టులోకి మోశాడు. పక్క కొట్లవాళ్ళు బయటికి వచ్చి చూస్తున్నారు. అన్నీ మోసేదాకా నేను కారులోనే కూర్చున్నాను. పెట్రోలు పోతే పోనీ అని, ఆ ఒక్కసారికి ఇంజన్ ఆపలేదు.