‘అందరూ’ అన్న మాట

మా లాజిక్ మేష్టారు పోయారు. కూర్మన్నపాలెంలో బస్సు కోసం నిలబడి ఉంటే నా కాలేజీ స్నేహితురాలు ఫోన్ చేసింది. "మేష్టారు ఇక లేరే. అమ్మకి సెప్పడానికి నోరు రావట్లేదు" అంది. వాళ్ళమ్మకి చెప్పడం ఎందుకంత కష్టమో నాకు తెలుసు.

ఆయనది గోదావరి వైపు ఊరు. తొంభైల్లో మా ఇంటర్ కాలేజీలో తర్కశాస్త్రం చెప్పేవారు. ఇంకెక్కడా సీటు రానివాళ్ళమే లాజిక్ ఉన్న ఆ గ్రూపులో చేరేవాళ్ళం. అయినా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మాకంటే ముందే వచ్చి, బోర్డు స్వయంగా తుడుచుకునేవారు. "కోపం వస్తే కారణం చెప్పండి. కారణం దొరక్కపోతే కోపం మానేయండి" అనేవారు. ఇంట్లో గొడవల్లో ఆ మాట వాడి చాలాసార్లు తిట్లు తిన్నాను.

మా రెండో ఏడాదిలో తుపాను వచ్చింది. నా స్నేహితురాలిది జాలరిపేట. వాళ్ళ నాన్న వెళ్ళిన బోటు తిరిగి రాలేదు. వారాలు గడిచాక బంధువులు కర్మకాండ జరిపించేద్దామన్నారు. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు, అన్నం ముట్టలేదు. భయపడిన నా స్నేహితురాలు, వచ్చి అమ్మకి నచ్చజెప్పమని మేష్టార్ని బతిమాలింది. నేనూ వెంట వెళ్ళాను.

ఆయన గుమ్మం దగ్గర కూర్చుని ఎంతో నెమ్మదిగా చెప్పారు.

"అమ్మా, ఆ గాలివానలో చిక్కుకుని బతికినవాళ్ళందరూ మొదటి వారంలోనే ఒడ్డుకి చేరారు. మీ ఆయన చేరలేదు. బోటు చెక్క కూడా కొట్టుకొచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే కదమ్మా."

ఆవిడ ఏదో అనబోయి ఆగిపోయింది. మర్నాడు గాజులు తీయించారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మనిషి తిరిగొచ్చాడు. దారిన పోయే సరుకు ఓడ ఒకటి అతన్ని ఎక్కించుకుని, తను వెళ్ళే దూరపు రేవుదాకా తీసుకుపోయిందట.

పేటంతా సంబరపడింది. మేష్టారు ఆ కబురు విని క్లాసు ఆపేసి కుర్చీలో కూలబడ్డారు. సాయంత్రం మా ఇద్దరితో కలిసి వాళ్ళింటికి వచ్చారు. "మీ తప్పేటుంది బాబూ, మావోళ్ళూ అలాగే అనుకున్నారు" అన్నాడు తిరిగొచ్చిన ఆ తండ్రి, నవ్వుతూ. మేష్టారు ఆవిడకి చేతులు జోడించారు. ఆవిడ తలెత్తలేదు.

"మీ మీద కోపం నేదు బాబూ. మీరు సెప్పినారు, నాను సరే అన్నాను. మనిషి బతికుండగానే నా మనసులో సంపేసుకున్నాను. ఇప్పుడు అన్నం ఎడతన్నప్పుడు ఆయన మొకం సూడనేకపోతన్నాను. సిగ్గుగా ఉంది."

మేష్టారు బస్టాపుదాకా తల వంచుకునే నడిచారు. అక్కడ తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు.

"‘బతికినవాళ్ళందరూ’ అన్నాను. ఆ అందర్నీ నేను చూశానా? ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట మీదే అన్నీ నిలబెట్టాను. అది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగనేలేదు."

"మరి ‘అందరూ’ అనుకోకుండా ఎలాగ సార్ ఆలోసించడం?" అంది నా స్నేహితురాలు.

"తెలీదమ్మా. నాకూ కుదరదు. కానీ మీ అమ్మ జవాబు చెప్పలేకపోయింది కాబట్టి నా మాట నిజమైపోయిందనుకున్నాను చూడు, అదీ నా సిగ్గు."

మేష్టారు మళ్ళీ ఎప్పుడూ ఆ పేటకి వెళ్ళలేదు. చుట్టుతిరుగుడైనా వేరే దారిలో ఇంటికి పోయేవారు. కానీ దాచుకోలేదు. ఏటా కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠంగా ఈ సంగతే, తన పేరు పెట్టే చెప్పేవారని తర్వాతివాళ్ళు అన్నారు.

ఆయన పోయారని తెలిసిన రోజు రాత్రి నా స్నేహితురాలు మళ్ళీ ఫోన్ చేసింది. కబురు విని వాళ్ళమ్మ, "ఆ బాబుని ఓపాలైనా ఇంటికి రమ్మననేదు నాను" అందట.

రెండువేల సంవత్సరం దాటాక, చేరేవాళ్ళు లేక ఆ గ్రూపే ఎత్తేశారు. ఆయన చివరి క్లాసుకి మేమూ వెళ్ళి వెనక కూర్చున్నాం. పాఠం అయిపోయింది. ఆయన బల్లల వైపు తిరిగి, "ఎవరికైనా నేను చెప్పింది తప్పనిపిస్తోందా? కారణం చెప్పక్కర్లేదు" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. గంట కొట్టారు. తర్వాతి లెక్చరరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మేష్టారు మాత్రం సుద్దముక్క చేతిలో పట్టుకుని, ఒక్కొక్క మొహమే చూస్తూ, ఇంకా ఎదురుచూస్తున్నారు.