ఆయన నిలబడిన గడ్డి

క్లబ్బులో అందరూ ఆయన్ను గడ్డి బాబాయ్ అనేవారు. ఇరవై ఆరేళ్లుగా ఆ ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి పెంచడం ఆయన పని. తెల్లవారగానే చెప్పులు గేటు దగ్గర విడిచి, ఒట్టికాళ్లతో మైదానమంతా నడిచేవాడు. నేలకు నీళ్లు కావాలో, గాలి కావాలో, ఊరికే వదిలేస్తే చాలునో అరికాలికి తెలిసేది. తర్వాత షెడ్డులోకి పోయి నోట్‌బుక్కులో ఒక వాక్యం రాసేవాడు. ఎడమ మూల తడిగా ఉంది. గోలు ముందర గడ్డి అలిసింది. ఉన్నదే రాసేవాడు. ఒక్క మాట ఎక్కువ రాసేవాడు కాదు.

ఆ ఇరవై ఆరేళ్లలో నేల బాగాలేదని ఒక్క ఆటా ఆగలేదు. వానలు ముంచెత్తాయి. పురుగు పట్టింది. ఒకసారి పైపు పగిలి సగం మైదానం మడుగైంది. ఆట మాత్రం ఆగలేదు. ఆయన గొప్ప చెప్పుకునే సంగతి అదొక్కటే. కూతుర్ని చేసుకుంటానని వచ్చిన కుర్రాడికి కూడా ముందు అదే చెప్పాడు. ఆ కుర్రాడే ఇప్పుడు అల్లుడు. అదే క్లబ్బులో అమ్మకాల విభాగం చూస్తాడు.

క్లబ్బు గెలిచి చాలాకాలమైంది. గెలిచి పేరు తెచ్చుకోవడం ఆలస్యమని, చైర్మన్ పేరున్న మనిషినే తెచ్చేశాడు. ప్రపంచమంతా ఎరిగిన ఆటగాడు. రెండు మోకాళ్లకూ కలిపి ఐదు ఆపరేషన్లయ్యాయి.

"ఆడతాడా?" అని అడిగింది గడ్డి బాబాయ్ భార్య, అల్లుడికి అన్నం వడ్డిస్తూ.

"ఆడడు అత్తయ్యా."

"మరి దేనికి?"

"ఆడితే ఆ రోజు చూస్తారు, మర్నాడు మర్చిపోతారు. ఆడకపోతే ఎప్పుడు ఆడతాడా అని రోజూ చూస్తారు. ఇప్పటికే నలభై దేశాల్లో మన జెర్సీలు వేసుకుంటున్నారు."

"ఆ నలభై దేశాల్లో ఎవరికీ మోకాళ్ల సంగతి తెలీదా?"

"తెలుసు. మోకాలి పట్టీలు కూడా అమ్ముతున్నాం."

ఆమె ఆ రోజు నుంచి ఆ ఆటగాణ్ని మోకాళ్ల మహానుభావుడు అనసాగింది.

మహానుభావుడు వచ్చిన రోజు మైదానం మధ్యకు నడిచి, చేయి ఊపి, ఫొటో దిగి, కుర్చీ అడిగాడు. వారం తిరక్కుండానే ఏదో దూరదేశం నుంచి ఒక అభిమాని ఉత్తరం రాశాడు. ఆయన నిలబడిన చోటి గడ్డి నాలుగు పరకలు పంపితే చాలట. అల్లుడు ఆ ఉత్తరం పట్టుకుని నవ్వుతూ షెడ్డుకొచ్చాడు. మామగారూ నవ్వాడు. మూడో రోజు అల్లుడు మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. చేతిలో అద్దాల పెట్టె ఉంది.

"అరచేయంత ముక్క పడుతుంది మామయ్యా. పక్కనే సర్టిఫికెట్ ఉంటుంది. 'ఈ గడ్డి మీద ఆయన నిలబడ్డాడు' అని రాసి, కింద మీరు సంతకం పెట్టాలి."

"నేనెందుకు?"

"గడ్డి గురించి మీరు అబద్ధం చెప్పరని అందరికీ తెలుసు కదా."

ఆ మాటకు ఆయన పడిపోయాడు. మధ్యలో ఉన్న ముక్కలకు సంతకాలు పెట్టాడు. అవి అయిపోయాక మూల నుంచి కోసిన ముక్కలు తెచ్చారు. ఆయన కలం మూసేశాడు.

"అక్కడ ఆయన నిలబడలేదు."

"ఎవరికి తెలుస్తుంది మామయ్యా?"

"నాకు తెలుసుగా."

ఆఫీసులో రెండుపూటలు తర్జనభర్జన జరిగింది. చివరికి మామగారి మాటే నెగ్గింది. దాంతో మహానుభావుణ్నే మైదానమంతా నడిపించాలని తేల్చారు. మర్నాటి నుంచి తాళ్లు కట్టి వరసలు గీశారు. ఆయన రోజుకు నాలుగు వరసలు నడిచేవాడు. వెనకాల గడ్డి బాబాయ్ నోట్‌బుక్కు పట్టుకుని నడిచేవాడు. ఆ వెనక కోసేవాళ్లు.

"బాబాయ్, ఇవాళ ఎటు?" అని అడిగేవాడు మహానుభావుడు. భాష ఆ మాత్రం పట్టుబడింది.

"ఇటు. మెల్లగా నడవండి, ఇక్కడ వేర్లు లేతగా ఉన్నాయి."

"నా మోకాలూ అంతే."

ఉన్నదున్నట్టు రాయడం అలవాటు కాబట్టి గడ్డి బాబాయ్ సర్టిఫికెట్ల మీద కూడా అలాగే రాయసాగాడు. 'ఇక్కడ ఆయన ఆవలించాడు.' 'ఇక్కడ ఫోన్ మాట్లాడాడు. అవతల వాళ్లమ్మ.' 'ఇక్కడ ఎంతసేపు వుంటావని నన్నడిగాడు.' అల్లుడు చూసి తలపట్టుకున్నాడు. ఆ ముక్కలు అన్నిటికంటే ముందు అమ్ముడుపోయాక తల మీంచి చెయ్యి తీసేశాడు. ఆవలించిన ముక్క కోసం ఇద్దరు అభిమానులు కోర్టుకెక్కారు.

కోసిన చోటల్లా కొత్త గడ్డి వచ్చేది. లారీల్లో, చాపల్లా చుట్టి. గడ్డి బాబాయ్ దాన్ని పరిచి, తడిపి, ఒట్టికాళ్లతో తొక్కి కుదురుకోనిచ్చేవాడు. కుదురుకునే లోపు మహానుభావుడు దాని మీద నడిచేవాడు. నడిచింది కోసేవాళ్లు. మట్టి మీద ఆటగాళ్లు పడి మోచేతులు గీరుకుంటున్నారని కోచ్ గోల పెడితే, సాధనకు కార్లు ఆపే చోటు చూపించారు. జట్టు వరసగా ఓడింది. అభిమానులు వరసగా పెరిగారు.

"మళ్లీ ఇంకో స్టార్‌ను కొంటున్నారట?" అని అడిగింది భార్య ఒకరోజు.

"గోల్‌కీపర్‌ను," అన్నాడాయన.

"ఉన్నవాడు బాగానే ఆపుతున్నాడుగా?"

"గోలు ముందర గడ్డి అమ్ముడుపోవట్లేదు. అక్కడ నిలబడటానికొకడు కావాలట."

ఆమె గరిటె కింద పెట్టింది. "మీ ఆఫీసులో అందరూ అన్నమే తింటారా?" అంది.

సీజన్‌లో ఆఖరి ఆటకు మూడు వారాలుందనగా గడ్డి బాబాయ్ చివరిసారి మైదానమంతా నిండుగా పరిచాడు. పరిచి, రోజూ మూడుసార్లు అంగుళం అంగుళం తొక్కి కూర్చోబెట్టాడు. వేర్లు పట్టాయి. మూలలు కలిసిపోయాయి. మహానుభావుడూ అన్ని వరసలూ నడిచేశాడు. ఎందుకోగానీ ఈసారి వెనకాల కోసేవాళ్లు రాలేదు. అప్పుడొచ్చాడు అల్లుడు, నేల చూపులు చూస్తూ.

"మామయ్యా, శుక్రవారం మొత్తం కోస్తారు."

"శనివారం ఆట."

"అందుకే. ఆఖరి ఆట గడ్డి అని పేరు పెట్టారు. శనివారానికి అందరి ఇళ్లకూ చేరాలి. పెట్టె ముందు పెట్టుకుని టీవీలో ఆట చూస్తారు."

"టీవీలో ఏం కనబడుతుంది?"

"మట్టి," అన్నాడు అల్లుడు.

"రిఫరీ పొద్దున్నే నేల చూస్తాడు. ఆట ఆపేస్తాడు."

"ఆగిపోయిన ఆట గడ్డి అని ఇంకో రకం అమ్మొచ్చని చైర్మన్ గారు అన్నారు."

ఆ రాత్రి గడ్డి బాబాయ్‌కి మెతుకు దిగలేదు. ఆపే దారి ఒక్కటే తట్టింది. నిజం రాసేస్తే ఎవరూ కొనరనుకున్నాడు. మర్నాడు ప్రతి సర్టిఫికెట్ మీదా ఒకటే మాట రాశాడు. 'ఈ గడ్డి మీద ఆయన ఎప్పుడూ ఆడలేదు.'

పూట తిరిగేసరికి అన్నీ బుక్కయిపోయాయి. పైగా ఉత్తరాలు. ఈ మాటలు రాసే మనిషి ఎవరు? ఆయన నిలబడిన గడ్డి దొరుకుతుందా?

చైర్మన్ స్వయంగా షెడ్డుకొచ్చాడు. ఇరవై ఆరేళ్లలో రావడం అదే మొదలు. గడ్డి బాబాయ్ మెడలో క్లబ్బు కండువా వేసి, ఫొటో తీయించి, ఈ ఏడాది మా మూడో స్టార్ అని ప్రకటించాడు. ఒప్పందం కాగితాలు రాత్రికి చదువుకోమన్నాడు.

మహానుభావుడు ఆ కాగితాలు చూసి పెదవి విరిచాడు.

"బాబాయ్, ఊరికే సంతకం పెట్టొద్దు. షరతు రాయించు. నేను వానలో నడవను. తొమ్మిదిలోపు నన్నెవరూ పలకరించకూడదు. నా ఒప్పందంలో ఉంది."

"ఒప్పుకున్నారా?"

"స్టార్ అడిగితే ఒప్పుకుంటారు. చదవరు."

గడ్డి బాబాయ్ కలం తీసి అట్టడుగున ఒక వాక్యం రాశాడు. 'నా కాలు పడిన గడ్డిని ఆట ముగిసేదాకా ఎవరూ కోయకూడదు.'

చైర్మన్ చదివాడు కూడా. చదివి, ఆగేకొద్దీ గిరాకీ పెరుగుతుందని మురిసిపోయి, నాలుగు కెమెరాల ముందు సంతకం పెట్టాడు.

శుక్రవారం కోసేవాళ్లు వచ్చారు. ఆరు లారీలు గేటు దగ్గర ఆగాయి. అల్లుడు పరుగున వచ్చాడు.

"మామయ్యా, మీ కాలు పడిన చోట్లు కాస్త గుర్తు పెట్టండి. అవి వదిలేసి మిగతాది కోస్తారు."

ఆయన నోట్‌బుక్కు ఇచ్చాడు. అల్లుడు మూడు వారాల పేజీలు తిప్పాడు. ఎడమ మూల, కుడి మూల, గోలు ముందర, మధ్య గీత.

"మొత్తమా?"

"మొత్తం."

"మీరు నాకు మామగారు కాకపోయుంటే..." అన్నాడు అల్లుడు. గేటు దగ్గరికి పోయి లారీలను వెనక్కి తిప్పించాడు. తిప్పిస్తూ ఒకసారి ఇటు తిరిగి నవ్వాడు కూడా.

శనివారం పొద్దున రిఫరీ వచ్చాడు. మడమతో నాలుగు చోట్ల నొక్కాడు. బంతి ఎగరేసి పడనిచ్చాడు. గడ్డి బాబాయ్ ఆ బంతినే చూస్తున్నాడు.

"ఆడొచ్చు," అన్నాడు రిఫరీ.

కొన్నాళ్లుగా కార్ల మధ్య సాధన చేసిన జట్టుకు మెత్తటి నేల కొత్తయింది. రెండు కార్ల మధ్య ఇరుక్కుపోతామేమోనన్నట్టు పక్కకు జరిగి బంతి వదిలేశారు. నాలుగు గోల్స్ తేడాతో ఓడి, క్లబ్బు కింది లీగ్‌కు పడిపోయింది. ఊరు ఊరంతా ఏడ్చింది. కొత్త గోల్‌కీపర్ నిలబడిన చోటు మాత్రం చెక్కుచెదరలేదు. అతను అక్కణ్నించి కదలలేదు.

గడ్డి బాబాయ్ ఇంటికెళ్లేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"నాలుగు గోల్స్ తిన్నారటగా?"

"ఆట జరిగింది," అన్నాడాయన. కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.