ఓబులేసు ముక్కుకు కాపలా

ఎన్నికల బందోబస్తుకని ముద్దనూరు స్టేషన్‌లో రైలు దిగి, లారీల్లో జమ్మలమడుగు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఎండాకాలం. రైఫిల్ గొట్టం ముట్టుకుంటే వేలు చురుక్కుమనేది. నాపరాళ్ల గనుల తెల్లదుమ్ము గొంతులో పేరుకుపోయింది. నేను శ్రీకాకుళం జిల్లావాణ్ని, కేంద్ర బలగంలో జవానుని. అంతకుముందు కాశ్మీరులో చేశాను. అక్కడ శత్రువు ఎటున్నాడో మ్యాపులో గీసి ఉండేది. ఇక్కడ ఆ గీత ఒకే వీధి మధ్యలోంచి పోయేది.

మా ప్లటూన్‌లో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. అందుకే హవల్దారు నన్ను ప్రొద్దుటూరు పంపాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రి, పై అంతస్తులో ఒక గది, అందులో ఒక మనిషి. వాణ్ని ఎవరూ చంపకుండా చూడాలి. ఆర్డరు అంతే.

ఆ మనిషి పేరు ఓబులేసు. పోయిన ఎన్నికల్లో తన పార్టీకి పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు. అవతలి వర్గంవాళ్లు లేవమంటే లేవలేదు. తర్వాత చేలో పట్టుకుని ముక్కు కోశారు. చంపితే నాలుగు రోజుల్లో జనం మర్చిపోతారు. ముక్కు కోస్తే వాడు తిరిగినంత కాలం జనానికి గుర్తే. అదీ వాళ్ల లెక్క. ఆ కేసులో సాక్షి కూడా అతనే, అందుకే మా కాపలా.

వారానికోసారి బయటి ఊరి నుంచి ప్లాస్టిక్ సర్జన్ వచ్చేవాడు. ఓబులేసు చెవిలోంచి మెత్తటి ఎముక తీసి ముక్కు దూలంగా పెట్టాడు. నుదుటి చర్మాన్ని ముక్కు ఆకారంలో కోసి, కిందికి తిప్పి, పోయినచోట కుట్టాడు. ఆ చర్మాన్ని పూర్తిగా వేరుచెయ్యలేదు. కనుబొమ దగ్గర వేలెడు వెడల్పు తొడిమ వదిలాడు. కొత్త ముక్కుకు రక్తమంతా ఆ తొడిమలోంచే రావాలి. మూడు వారాల్లో ముక్కు కింది కండ నుంచి రక్తం అందడం మొదలవుతుంది, అప్పుడు తొడిమ కోసేస్తారు.

"అంతవరకూ దీనిమీద ఏదీ బిగించకూడదు, కళ్లజోడు కూడా" అన్నాడు సర్జన్. "వేలితో నొక్కితే తెల్లబడాలి, వదిలితే ఎర్రబడాలి. అలా ఉంటే ముక్కు బతికున్నట్టే."

నర్సు నాకు నొక్కడం నేర్పింది. డ్యూటీ ఎక్కినప్పుడల్లా నొక్కి చూసేవాణ్ని. ఎర్రబడితే నాకు ప్రాణం లేచొచ్చేది. మా ఉద్యోగంలో గాయాలు చాలా చూశాను. పోయిన ముఖాన్ని మళ్లీ కుట్టడం మాత్రం అదే చూడటం.

"తొండం బాగా కుదిరింది ఓబులేసూ" అన్నానొకరోజు. కుట్లు పట్టుకుని నవ్వాడు.

"అందం వద్దులే సారూ. మా పాపకు నాలుగేండ్లు. నేను పిలిస్తే పలుకుతాది, మొగం సూస్తే మంచం కిందికి దూరుతాంది. నా దగ్గరికొస్తే సాలు."

రెండో వారం చివర వాళ్ల వర్గం నాయకుడు వచ్చాడు. అందరూ అతన్ని అన్న అనేవారు.

"రేపు జమ్మలమడుగులో సభ ఉండాదిరా. నువ్వేం మాట్లాడొద్దు. వచ్చి కూర్చో. జనం నిన్ను సూడాల."

సర్జన్ ఊళ్లో లేడు. డ్యూటీ డాక్టరు నసిగాడు. నేను గట్టిగానే వద్దన్నాను. ఓబులేసు నావైపు తిరిగి, "అన్న వచ్చి పిల్సినాక పోకుంటే ఎట్ల సారూ?" అన్నాడు. రేడియోలో హవల్దారును అడిగాను.

"వాడి ఇష్టంతోనే పోతున్నాడా?"

"అలాగే అంటున్నాడు."

"అయితే నువ్వూ వెంట వెళ్లు. మన పని కాపలా, వైద్యం కాదు. ఓవర్."

వాళ్లు అజాగ్రత్తగా తీసుకెళ్లారంటే అబద్ధం. జీపులో దిండ్లు పరిచారు. గొడుగు పట్టారు. ప్రతి గుంత దగ్గరా డ్రైవరు బండి నెమ్మది చేశాడు. ఎవరి మోచేయీ తగలకుండా ఇద్దరు అడ్డం కూర్చున్నారు.

సభలో అన్న మైకు పట్టుకున్నాడు. "మన పరువు కోసరం ముక్కిచ్చినోడప్పా వీడు!" జనం ఈలలు వేశారు. ఎవరో పళ్లెంలో ఎర్ర పట్టు తలపాగా తెచ్చారు. మగవాడికి ఆ ఊళ్లో అంతకు మించిన మర్యాద లేదు. శాలువా కప్పి ఊరుకుంటే ఏమయ్యేది? అన్న తన చేతులతోనే కట్టాడు. ఊరేగింపులో గాలికి ఊడకూడదని లాగి బిగించాడు. బిగువంతా కనుబొమల మీద పడింది. సరిగ్గా తొడిమ మీద.

కట్టొద్దని అరిచాను. మైకు హోరులో నా గొంతు నాకే వినపడలేదు. స్టేజీ ఎక్కుతుంటే ఒకడు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందప్పా, మర్యాద సేస్తాంటే అడ్డమొస్తాండావు?"

వాణ్ని నెట్టి ఓబులేసు చెవిలో చెప్పాను. "తీసెయ్. ముక్కు చచ్చిపోతుంది."

"నొప్పేం లేదు సారూ."

కోసి తిప్పిన చర్మానికి నొప్పి తెలియదని నర్సు చెప్పింది. అదే చెప్పాను. అతను జనాన్ని చూశాడు, అన్నను చూశాడు.

"ఇంత మందిలో తీస్తే అన్న మొగం యాడ పెట్టుకుంటాడు? ఊరేగింపు అయిపోనీ సారూ."

నేనే తీయబోతే ఇద్దరు నా మణికట్టు పట్టుకున్నారు. మళ్లీ రేడియో.

"తలపాగా తీయించాలి. అనుమతి కావాలి."

"బాంబు పడిందా?"

"లేదు."

"మరి తలపాగా కోసం గొడవ నువ్వు మొదలుపెట్టకు. ఓవర్."

డప్పులతో జీపు ఊరంతా తిరిగింది. ఓబులేసు చేతులు జోడించి నిలబడ్డాడు. ముక్కు పోయాక జనం అతన్ని కళ్లెత్తి చూడటం అదే మొదటిసారి. ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పలేను. నా కళ్లముందే ఆ ముక్కు నీలంగా మారుతోంది.

ఊరి బయట జీపు ఆగగానే తలపాగా ఊడబీకి నొక్కి చూశాను. తెల్లబడలేదు, ఎర్రబడలేదు. మర్నాడు సర్జన్ వచ్చి కుట్లు వదులు చేసి సూదితో గుచ్చాడు. నల్లటి చుక్క ఒకటి వచ్చి ఆగిపోయింది. తర్వాతి వారానికి ముక్కు వంకాయ తొక్కలా ముడుచుకుపోయింది. కత్తెరతో తీసి పళ్లెంలో వేశాడు.

"నుదురు ఇంకోవైపు ఉంది. మళ్లీ చేయొచ్చు, కానీ నెలలు ఆగాలి" అన్నాడు.

అన్న రాలేదు. పులివెందుల తోటల నుంచి చీనీకాయల బుట్ట పంపాడు, మా వైపు బత్తాయిలంటాం. తెచ్చినవాడు కబురు కూడా చెప్పాడు. "పోలింగు అయ్యేదాంక కట్టు లేకుండా తిరగమన్నాడు అన్న. జనం సూడాలంట." వాడి గొంతు పిసకాలనిపించింది. ఓబులేసు మాత్రం తలూపాడు.

పోలింగు అయింది, మా కంపెనీ వెనక్కి వచ్చేసింది. ఇంటి దగ్గర అందరూ కడప బాంబుల గురించే అడుగుతారు. రెండు పేలడం చూశాను, వాటి చప్పుడు మర్చిపోయాను.

మర్చిపోలేనిది నా ఆఖరి డ్యూటీ రోజు. ఓబులేసు భార్య చెప్పాపెట్టకుండా పాపను తీసుకొచ్చింది. తలుపు చప్పుడుకు అతను మంచం పక్కన మడిచి దాచుకున్న తలపాగా గుడ్డ లాగి ముఖమంతా కప్పుకున్నాడు. ఎర్ర పట్టు, జరీ అంచు. పాప మంచం కిందికి దూరలేదు. నవ్వుతూ పరుగెత్తుకొచ్చి అతని ఒళ్లోకి ఎక్కింది. దాగుడుమూతలనుకుంది. రెండు చేతులతో జరీ అంచు పట్టుకుని లాగుతోంది. అతను రెండు చేతులతో గుడ్డను ముఖానికేసి అదుముకుని, "వద్దు తల్లీ, వద్దు తల్లీ" అంటున్నాడు.