ఉల్లిపాయల బూజియాన్

బూజియాన్ తన అరవై ఏళ్ళ బతుకులో ఒక్క ఉల్లినారు కూడా నాటిన పాపాన పోలేదు. అయినా కెతామా కొండల్లో ఏ టీ దుకాణంలో అడిగినా "ఉల్లిపాయల బూజియానా? అదిగో, ఆ ఎర్ర రేకుల ఇల్లు" అని చూపిస్తారు. ఆ పేరు గిట్టనివాళ్ళు పెట్టింది కాదు, తన నోటితో తనే సంపాదించుకున్నాడు. ఆ కథ కూడా తనే చెప్పి నవ్విస్తాడు, వేరేవాళ్ళు చెబితే ఇంకో నాలుగు కలిపి చెబుతారని.

ఆ కొండల్లో కిఫ్ తప్ప ఏదీ సరిగా పండదు. కిఫ్ అంటే గంజాయే. తాత వేశాడు, తండ్రి వేశాడు, బూజియాన్ వేశాడు. చట్టం మాత్రం ఏ తరంలోనూ ఒప్పుకోలేదు. ఒక ఆకాశరామన్న ఉత్తరం పుణ్యమా అని బూజియాన్ మీద వారెంటు పుట్టింది. ఆనాటి నుంచి పదకొండేళ్ళు అతను కొండ దిగలేదు. సంతకు భార్య యమ్నా వెళ్ళేది. మలుపులో జీపు చప్పుడైతే చాలు, ఊళ్ళో మగాళ్ళంతా లోయలోకి పరుగు. ఆ పందెంలో మొదట్లో బూజియాన్‌దే మొదటి స్థానం. కళ్ళకు శుక్లాలు కమ్మాక ఆఖరి స్థానానికి పడిపోయాడు. ఒకసారైతే పశువుల డాక్టరు బండిని చూసి పారిపోయి, పొద్దుగూకేదాకా ముళ్ళపొదలో నక్కాడు.

ఆపరేషన్ చేయిస్తే చూపు వస్తుంది. ఆస్పత్రివాళ్ళు గుర్తింపు కార్డు అడుగుతారు. అతని కార్డు గడువు ఎప్పుడో తీరింది. కొత్తది ఇచ్చేది పోలీసు ఠాణాలో. ఠాణాలో వారెంటు కూర్చుని ఉంది.

"నా మొహం ఎలా ఉంటుందో గుర్తుందా అసలు?" అని యమ్నా దెప్పేది.

"ఎందుకు లేదూ? కళ్ళు బాగున్నప్పటిది బాగా గుర్తుంది."

"అలాగే ఉంచుకో. నాకేం నష్టం లేదు."

అంతలో ఎన్నికలొచ్చాయి. టీ కెటిల్ గుర్తు అభ్యర్థి మఖ్లూఫ్ గారు కిఫ్ చట్టం మార్పిస్తారనీ, వారెంట్లన్నీ ఎత్తేయిస్తారనీ పుకారు. ఆయన నోటి నుంచి విన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. అడిగే పని బూజియాన్ తన మీద వేసుకున్నాడు. అందరికంటే అవసరం తనదే మరి. రెండు వారాలపాటు గాడిద ముందు నిలబడి సాధన చేశాడు. "అయ్యా, చట్టం మార్చడానికి మీరు ఒప్పుకుంటారా, ఒప్పుకోరా?" గాడిద శ్రద్ధగా వింది.

ఓట్ల సభలో పోలీసులు చూసీచూడనట్టు ఊరుకుంటారని ఊళ్ళో మగాళ్ళంతా వచ్చారు. సభ రోజున మఖ్లూఫ్ గారు మైకు పట్టుకుని తనే మొదలుపెట్టారు.

"ముందు మీరు చెప్పండి. ఈ ఊళ్ళో కిఫ్ పండించేవాళ్ళెవరు? చేతులెత్తండి. మీ తరఫున మాట్లాడేది నేనే!"

ఒక్క చెయ్యి లేవలేదు. వెనక కొండంతా కిఫ్ పచ్చగా ఊగుతోంది. పక్కింటి షుఐబ్, అతని మీదా వారెంటుంది, బూజియాన్‌ను మోచేత్తో పొడిచాడు.

"లే మామా, అడుగు."

బూజియాన్ లేచాడు. ఎదురుగా మసక మసకగా పెద్దమనుషుల ఆకారాలు. నోరు తెరిచాడు. కొత్తవాళ్ళు పంట గురించి అడిగితే పదకొండేళ్ళుగా ఆ నోటికి అలవాటైన జవాబు ఒక్కటే.

"మేం ఉల్లిపాయలు వేస్తామండీ."

"ఊరంతానా?"

"ఊరంతా అండీ. మంచి ఘాటు ఉల్లి."

అప్పుడే కొండ మీంచి గాలి వీచింది. ఆ వాసనకు మఖ్లూఫ్ గారు రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"అయితే మీకు ఆ చట్టంతో పనే లేదన్నమాట," అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, అరగంటసేపు రోడ్డు గురించి మాట్లాడారు.

"మామా, నిన్ను ప్రశ్న అడగమన్నాం. నువ్వు పంటే మార్చేశావు!" అన్నాడు షుఐబ్.

బూజియాన్‌కు తల కొట్టేసినట్టయింది. తన కళ్ళు తనే పొడుచుకున్నట్టయింది. ఇక ఆలోచించకుండా కార్ల వైపు పరుగెత్తి, ఒక కారు తలుపు దగ్గర నిలబడ్డ లావుపాటి మనిషి చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యా, అబద్ధమాడాను. నేను వేసేది కిఫే. వారెంటు కూడా ఉంది. అల్లాల్ కొడుకు బూజియాన్‌ని!"

"అభ్యర్థి గారు ముందు కారులో వెళ్ళిపోయారు బాబాయ్," అన్నాడా మనిషి. "నేను బందోబస్తుకొచ్చిన పోలీసుని."

బూజియాన్ పట్టుకున్న చెయ్యి వదలడం కూడా మరిచిపోయాడు.

"ఎందుకు చెప్పావు బాబాయ్? ఇంతమంది ముందు చెప్పాక నన్నేం చెయ్యమంటావు? పద, జీపెక్కు."

ఎనిమిది నెలల శిక్ష పడింది. జైల్లో చేరడానికి ఎవరూ కార్డు అడగలేదు. అతను టీని గ్లాసు పక్కన పోసుకోవడం చూసి జైలు డాక్టరు ఆస్పత్రికి పంపాడు. రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. పదకొండేళ్ళు తను ప్రాణాలరచేత పట్టుకుని పరుగెత్తింది ఈ మంచం నుంచా అని బూజియాన్ కట్టుతోనే పగలబడి నవ్వాడు. కుట్లు ఊడతాయని నర్సు కసిరింది.

ఇంటికొచ్చిన రోజు గుమ్మంలో యమ్నా మొహం చూసి అతని నవ్వు ఆగిపోయింది. ఆమె పళ్ళు రెండు ఊడాయి. జుట్టు నెరిసింది. భుజాలు ఒంగిపోయాయి.

"ఏమయ్యా, అలా చూస్తావు?"

"పెద్దదానివైపోయావు."

"నువ్వు పరుగెత్తుతుంటే నేను కూర్చున్నాననుకున్నావా? సంత బస్తాలన్నీ ఎవరు మోశారు?"

బూజియాన్ గుమ్మం మీదే కూలబడి ఏడ్చాడు. ఈ ముక్క అతను టీ దుకాణంలో చెప్పడు.

మఖ్లూఫ్ గారు గెలిచారు. కిఫ్ గురించి ఎక్కడా నోరు విప్పలేదు. మళ్ళీ ఎన్నికలకు అదే మైకుతో అదే ఊరికొచ్చారు. ఈసారి వారెంటు లేని మగాడు ఊళ్ళో బూజియాన్ ఒక్కడే. నిటారుగా నిలబడ్డాడు.

"పోయినసారి అబద్ధం చెప్పానండీ. వేసింది కిఫే. జైలుకెళ్ళొచ్చాను. ఇంకా లోయలోకి పరుగెత్తేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. చట్టం మార్చడానికి మీరు ఒప్పుకుంటారా, ఒప్పుకోరా?"

మఖ్లూఫ్ గారు పోలీసు జీపు వైపు ఒకసారి చూశారు. తడారిన పెదాలు తడుపుకున్నారు. "అసలు... ఈ ఊరికి ముందు రోడ్డు కావాలి," అన్నారు.

ఆ చూపు, ఆ తడారిన పెదాలు బూజియాన్‌కు కొత్త కాదు. ఆ మొహం పదకొండేళ్ళు తన మెడ మీదే ఉండేది.

"ఇక కూర్చోండర్రా," అన్నాడు ఊరివైపు తిరిగి. "ఈయనా ఉల్లిపాయలే వేస్తున్నాడు."

అంతా గొల్లున నవ్వారు. బూజియాన్ మాత్రం నవ్వలేకపోయాడు. షుఐబ్ నవ్వుతున్నా, లోయ వైపు తిరిగి పరుగుకు సిద్ధంగా ఉన్న అతని కాళ్ళు బూజియాన్‌కు ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి.